పాళెం బయట మా పెద్దనాయన

మా పెద్దనాయన మంగళవారం పొద్దున ప్లేగుతో పోయినాడు. బతుకంతా దేవునికి భయపడిన మనిషిని చివరికి ఒక ఎలుక తీసుకుపోయిందని చదువరులకు విన్నవించుకోవలసి రావడం నాకే సిగ్గుగా ఉంది. పులి అయినా అయ్యుంటే ప్రసంగానికి పనికొచ్చేది గదా అని ఆయనే ఉంటే అనేవాడు.

ఓర్వకల్లు దగ్గర మా పల్లె క్రైస్తవ మందిరానికి ఆయన ఉపదేశి. తక్కిన ఉపదేశులు ప్రేమను గురించి చెబితే, ఈయనకు బలులూ శుద్ధీకరణలూ నిండిన బైబిల్లోని లేవీయకాండమంటే ప్రాణం. మందిరం ముందు నేలమీద సున్నంతో పూర్వకాలపు దేవుని డేరా, ప్రత్యక్ష గుడారం గీసి, ఇది ఆవరణం, ఇది పరిశుద్ధ స్థలం, లోపలిది అతిపరిశుద్ధ స్థలం అని చూపేవాడు. ఆ చివరి గీతను ప్రధాన యాజకుడు ఏడాదికొక్కసారి, బలిరక్తం పట్టుకొని, ప్రాణాలు అరచేత పెట్టుకొని దాటేవాడట. ఒకనాడు మా కోడి నేరుగా అందులోకి నడిచిపోయి గింజలు ఏరుకుంది. మేం పడీపడీ నవ్వాం. ఆయన దాన్ని అదిలించలేదు.

"దానికి తెలీదప్పా. నీకు తెలుసు గదా."



తెల్లవారుజామున ఖాళీ మందిరంలో అడుగుపెట్టే ముందు కాళ్లూ చేతులూ కడుక్కొని గట్టిగా దగ్గేవాడు. మద్రాసులో బి.ఏ. వెలగబెట్టినవాణ్ణి గనుక, లోపల ఎవరున్నారని దగ్గుతావని అడిగాను. మొదటి ప్రధాన యాజకుడైన అహరోను అంగీ అంచుకు గంటలుండేవనీ, చప్పుడు చెయ్యకుండా దేవుని ఎదుటికి పోరాదనీ, తనకు గంటల్లేవు గనుక దగ్గుతో సరిపెడుతున్నాననీ చెప్పాడు.

ఈ ఏడాది ఇండ్లలో ఎలుకలు చచ్చి రాలాయి. ఊరు ఖాళీ చేసి చేలల్లో జొన్నచొప్ప గుడిసెలు వేసుకున్నాం. గజ్జల్లో గడ్డలు లేచినవాళ్లను ఇంకా అవతల, చుట్టూ ముళ్లకంప వేసిన దొడ్డిలో, తహశీల్దారు ఉత్తరువు మీద ఉంచారు. పెద్దనాయన గంజికుండ ఎత్తుకొని అటు బయలుదేరాడు. నేను అడ్డం నిలబడి ఆయన లేవీయకాండాన్నే ఆయన మీదికి విసిరాను: రోగిని గుడారాల పాళెం వెలుపల ఉంచమనే కదా ధర్మశాస్త్రం? శవాన్ని ముట్టినవాడు అపవిత్రుడనే కదా?

"అవునప్పా. పాపపరిహార బలి కళేబరాన్ని గూడా పాళెం బయటనే కాల్చేటోళ్లు. యేసయ్యను గూడా ఊరి గవిని బయటికే ఈడ్చుకుపోయినారు. పరిశుద్ధుడు ఈడనే ఉండాడనుకుంటాండావు నువ్వు. ఆయన యాడుండాడో సూడు."

"నీకు భయం లేదా పెద్దనాయనా?"

"శానా ఉండాది. భయం లేకుండా పోయేది కోడి."

పోయినాడు. గంజి తాగించాడు, చచ్చినవాళ్లను కడిగి పూడ్చాడు. తర్వాత ఆయనకే జ్వరం తగిలింది. నేను కంప ఇవతల నిలబడి వేళాకోళాలాడేవాణ్ణి, ఆయన మూలుగుతూనే నవ్వేవాడు. నన్ను లోపలికి రమ్మనలేదు, రావద్దనీ అనలేదు.

మంగళవారం ఎంత పిలిచినా పలకలేదు. శవాన్ని దోటీకర్రతో ఇవతలికి లాగుదామని ఎవరో అన్నారు. ఆ మాటకు నా కాళ్లు వాటంతటవే కంపను తొక్కాయి. ధైర్యమని మాత్రం ఎవరూ రాయవద్దు. ఆయన ముఖం, చేతులు, నెర్రెలిచ్చిన అరికాళ్లు కడిగాను. మధ్యమధ్య నా గజ్జలు నేనే తడుముకున్నాను.

ఇప్పుడు ధర్మశాస్త్రం ప్రకారం నేను అపవిత్రుణ్ణి, తహశీల్దారు ప్రకారం కూడా. అందుకే ఇది దొడ్డి లోపలి నుంచే రాస్తున్నాను. కాగితానికి వేపాకు పొగ పట్టించి పంపుతున్నాను, చదువరులు భయపడవద్దు. ఆ భయపడే పని వారి తరఫున కూడా నేనే చేస్తున్నాను.

ఇందాక మూలనున్న గొల్ల ముసలామె నీళ్లడిగింది. చెంబు ఆమె నోటికి అందిస్తే నా చెయ్యి వణికి సగం నీళ్లు ఆమె మెడమీదికి కారాయి. ఆమె కాలిపోతున్న వేళ్లతో నా మణికట్టు పట్టుకొని, చెంబును నిలకడగా ఆపి, మెల్లగా తాగింది.