మా లేకూ, కలెక్టరు గారి వంకర ముక్కూ

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. తెలియకపోయినా చెప్పేసేదాన్ని కాబట్టి. అందుకేనేమో, డిగ్రీ అయిన వేసవిలోనే నూజివీడు దగ్గర మామిడి తోటల మధ్య, ఒక చెరువు గట్టున కొత్తగా వెలిసిన రిసార్టులో గైడుగా ఉద్యోగం దొరికింది. పొద్దున్నే నీళ్ల మీద పల్చటి పొగ లేచేది. అవతలి ఒడ్డు నుంచి చర్చి గంట మెల్లగా వినిపించేది. ముగ్గిన కాయల వాసనకి నిలబడ్డ చోటే కలలు వచ్చేవి. (ఒకటి రెండుసార్లు నిద్ర కూడా వచ్చింది.)

మా మేనేజరు గారిని, ఆయన లేనప్పుడు, అందరం 'స్మైల్ ప్లీజ్' అనుకునేవాళ్లం. అతిథులు ఎదురైతే నవ్వాలి. పాత తూముని 'వింటేజ్ గేట్' అనాలి, కాయలు మగ్గబెట్టిన షెడ్డుని 'మ్యాంగో హాల్' అనాలి. చెరువుని మాత్రం చచ్చినా చెరువు అనకూడదు, లేక్ అనాలి. గట్టు ఊడ్చే రసాలత్తకి ఇది మింగుడు పడలేదు. "లేకేంటమ్మాయ్? నిండా నీళ్లుంటే ఏం లేక?" అనేది. (ఆవిడ ఒకప్పుడు అదే తోటలో కూలి. రసం కాయని పట్టుకోగానే తీపో పులుపో చెప్పేసేదట, అందుకని ఆ పేరు.)

ఒక గురువారం స్మైల్ ప్లీజ్ గారు నవ్వకుండా నన్ను పిలిచారు. "ఆదివారం చింతలపూడి నుంచి రిటైరైన టీచర్లు బస్సేసుకుని వస్తున్నారమ్మా. వాళ్లకి బోటింగొద్దంట, హిస్టరీ కావాలంట. బాగా చెప్పావా, నీ ఉద్యోగం పర్మనెంటు. లేకపోతే..." అని లేక్ వైపు చూశారు. ఉద్యోగం పోతే మా ఊరు ఉంగుటూరు తిరిగెళ్లి, 'నేనప్పుడే చెప్పా' అనడానికి సిద్ధంగా ఉన్న మా పెద్ద మామయ్య ఎదురుగా కూర్చోవాలి. దానికన్నా ఆ లేకే నయం.

నీళ్ల పక్కన ఒంటరిగా నిలబడ్డ ముసలి మామిడి చెట్టు గురించి రసాలత్తని అడిగాను. "అదా? కలెక్టరు చెట్టు" అంది చీపురు ఆపకుండా. నా గుండె ఝల్లుమంది. "కలెక్టరా! ఎలా ఉండేవారత్తా?" "ఎలా ఉండటమేంటమ్మాయ్? పొడుగ్గా, ముక్కు వంకరగా. మా పిల్లలు బతికారంటే ఆ కలెక్టరు వల్లే." ఇంకేం కావాలి? మాది వరి చేల ఊరు, మామిడిలో మా చదువు ఆవకాయ జాడీ దాకానే. సాయంత్రానికల్లా ఒక దొరని తయారుచేశాను. గుర్రం మీద వచ్చి, ఆ చెట్టు నీడలో కుర్చీ వేయించుకుని, పేదల మొర విన్న వంకర ముక్కు దొర. స్మైల్ ప్లీజ్ గారి కళ్లు చెమర్చాయి. శనివారానికి 'కలెక్టర్ చెట్టు' అని బోర్డు కూడా రాయించారు.

ఆదివారం టీచర్లందరి ఎదుటా దొరని గుర్రం దింపి, కుర్చీలో కూర్చోబెట్టాను. అందరూ మైమరచి వింటున్నారు. అంతలో లెక్కల టీచరు గారొకరు, పక్కనే ఊడుస్తున్న రసాలత్తని, "ఏమ్మా, మీ పెద్దవాళ్లెవరైనా ఆ కలెక్టర్ని చూశారా?" అని అడిగారు.

"చూడ్డమేంటండీ? కోసి, ఉప్పూకారం అద్దుకుని తిన్నాం" అంది రసాలత్త.

రసాలత్త కొమ్మ వంచి, కొన చిలక ముక్కులా వంగిన పొడుగాటి కాయ తెంపి, "ఇదిగోండి కలెక్టరు" అని చూపించింది. (మా ఇంట్లో దాన్ని తోతాపురి అనేవాళ్లం. ఇక్కడ అది కలెక్టరు కాయ!) టీచర్లు పొట్టలు పట్టుకుని నవ్వారు. నవ్వనిది స్మైల్ ప్లీజ్ గారొక్కరే. నేను లేక్ వైపు చూశాను.

నా మొహం చూసి రసాలత్త చీపురు కింద పెట్టింది. ఆవిడ చేతిలో చీపురు లేకుండా చూడటం అదే మొదలు. "అమ్మాయి తప్పేం లేదండీ, నేనే సరిగ్గా చెప్పలా. ఒక ఏడు వానకి రసాల పూతంతా రాలిపోయింది. తోటలో పనే లేదు. ఈ ఒక్క చెట్టే విరగగాసింది. నా ముగ్గురు పిల్లలకీ పొద్దున కలెక్టరు, మాపు కలెక్టరు. ఈ రిసార్టు కట్టేప్పుడు ఇక్కడి చెట్లన్నీ కొట్టేశారండీ. దీని మొదలు పట్టుకుని కూచున్నా, వదిలేశారు." నవ్వులు ఆగిపోయాయి. లెక్కల టీచరు గారు దగ్గరికెళ్లి చెట్టుని చేత్తో తాకారు. అంత నిజం పక్కనే ఊడుస్తుంటే గుర్రాన్ని తెచ్చినందుకు నాకు సిగ్గేసింది. "ఇకనుంచి ఇదే చెప్పమ్మా" అని గొణిగారు స్మైల్ ప్లీజ్ గారు. ఉద్యోగం నిలిచింది.

మొన్న వేసవిలో మా పిల్లల్ని తీసుకుని అక్కడికి వెళ్లాను. నీళ్ల మీద అదే పొగ, అదే గంట. రసాలత్త పోయి నాలుగేళ్లయిందట. చెట్టు కింద కొత్త గైడు, అప్పటి నా అంత పిల్ల, గుక్క తిప్పుకోకుండా చెబుతోంది: "ఇక్కడే కలెక్టరు దొర గారు ఆకలితో గుర్రం మీద నుంచి పడిపోతే, రసాలత్త అనే ఒక మహాతల్లి కాయ కోసి, ఉప్పూకారం అద్ది తినిపించి బతికించిందండీ!"

సరిదిద్దుదామని నోరు తెరిచాను. కానీ ఈ కథలో నా దొర నీరసంగా కింద పడున్నాడు, మా రసాలత్త నిటారుగా నిలబడి ఉంది. చేతిలో చీపురు కూడా లేదు. తెరిచిన నోరు మూసుకుని, ఎవరూ 'స్మైల్ ప్లీజ్' అనకుండానే నవ్వాను.