అమ్మకు పెట్టని రెండో రొట్టె

గద్వాలలో మాది నేత ఇల్లు. మగ్గం గుంతలో కూర్చున్న మనిషి ఊరికే లేవదు, లేస్తే పని చెడుతుంది. ఆ వేసవిలో కడుపుతో ఉన్న నేను ఒకరోజు పొద్దునంతా లేస్తూనే ఉన్నాను, ఒకసారి నీళ్లకు, ఒకసారి బయటికి. మధ్యాహ్నానికి అంచు పట్టుపోగులు కళ్ల ముందు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. ఎండదెబ్బ అనుకొని మజ్జిగ తాగి మళ్లీ గుంతలోకి దిగాను.

ఎన్ని నీళ్లు తాగినా దాహం తీరకపోతే అమ్మ నన్ను వనపర్తిలో ఒక డాక్టరమ్మకు చూపించింది. బ్లడ్ టెస్ట్ చూసి ఆమె డయాబెటిస్ అంది. నాకు నవ్వొచ్చింది. షుగరంటే బొజ్జలున్న సేట్లకు వచ్చేదనుకునే రోజులవి. నేనేమో గాలికి ఎగిరిపోయేలా ఉండేదాన్ని, మా ఇంట్లో ఎవరికీ ఆ జబ్బు లేదు.

"పుట్టినప్పుడు ఈమె వెయిట్ ఎంతమ్మా?" అని డాక్టరమ్మ అడిగింది. అమ్మకు తూకం తెలియదు. రెండు అరచేతులు దగ్గరగా పెట్టి, ఇంతే ఉండేదని చూపించింది. కడుపుతో ఉన్నప్పుడు ఏం తిన్నావంటే ఉన్నదున్నట్టు చెప్పింది.

మా అవ్వ, అంటే నాయన తల్లి, తన కూతుర్ని కాన్పులో పోగొట్టుకుంది. లోపలి పిల్ల పెద్దదై బయటికి రాలేదట. ఆ భయంతో కోడలికి కడుపు కనిపించినప్పటి నుంచి పూటకు ఒక్క జొన్నరొట్టే పెట్టింది. పిల్ల చిన్నగా ఉంటే కాన్పు తేలికవుతుందని ఆమె నమ్మకం. ఇంట్లో జొన్నలు లేక కాదు. అమ్మ నీళ్లతో కడుపు నింపుకొని మగ్గం నేసింది.

"కడుపులో తిండి తక్కువైతే పిల్లల బాడీ ఆ కొంచెంతోనే సర్దుకోవడానికి అలవాటు పడుతుంది. అట్లా పుట్టినవాళ్లకు పెద్దయ్యాక షుగర్ రిస్క్ ఎక్కువ. ఈమెకు అదే కారణమని మాత్రం చెప్పలేను," అంది డాక్టరమ్మ. ఆ చివరి మాట అమ్మ చెవికెక్కలేదు. తిరుగు బస్సు బీచుపల్లి దాటుతుంటే ఎప్పుడూ ఆంజనేయస్వామికి దండం పెట్టే మనిషి, ఆ రోజు చేతులు ఒళ్లోంచి తీయలేదు.

ఇన్సులిన్ మొదలైంది. ఫ్రిజ్ లేదు, తడి ఇసుకలో కుండ పెట్టి అందులో సీసా దాచేవాళ్లం. షుగర్ ఒకరోజు దిగితే మర్నాడు ఎక్కేది. ఎనిమిదో నెలలో కదలికలు ఆగిపోయాయి. స్కాన్ చేసినామె చాలాసేపు చూసి, హార్ట్ బీట్ లేదంది. కాన్పు చేసి తీశారు, బాబు. మా ఆయన తువ్వాలలో చుట్టుకొని తీసుకెళ్లాడు. నేను ముఖం చూడలేదు. చూసి ఉండాల్సిందని ఇప్పటికీ ఏడుస్తాను.

కాన్పయ్యాక పోవచ్చన్న షుగర్ పోలేదు. అమ్మ సరిగా తినడం మానేసింది. సగం రొట్టె తుంచుకొని అయిపోయిందనేది. ఒకరోజు నేనే ఇంకో రొట్టె వేస్తే కంచం పక్కకు జరిపింది.

"నా ఆకలే నీకు రోగమై తగిలింది బిడ్డా. నాకు ముద్దెట్ల దిగుతది?"

"అప్పుడు ఆకలైంది నీకు గూడ కదమ్మా," అన్నాను.

అమ్మ చాలాసేపు ఏడ్చింది. తర్వాత ఆ రొట్టె తిన్నది.

నాకు మళ్లీ పిల్లలు కలగలేదు. సూది వేసుకుంటూ, తిండి చూసుకుంటూ, ఓపికున్నంత సేపు నేస్తున్నాను. నన్ను అడిగేవాళ్లకు ఒక్కటే చెప్తాను. కాన్పు భయంతో కడుపుతో ఉన్నవాళ్ల కంచంలోంచి తిండి తీయకండి. బిడ్డ పెద్దదవుతుందేమోనన్న భయముంటే డాక్టరును అడగండి. మనిషి సన్నగా ఉన్నా సరే, షుగర్ టెస్ట్ ముందే చేయించండి.

ఇప్పుడు మా తమ్ముడి భార్యకు నెలలు. ఆమె తింటుంటే అమ్మ ఎదురుగా కూర్చుంటుంది. కంచం ఖాళీ అవుతుంటే "ఇంకో రొట్టె వెయ్యనా బిడ్డా?" అంటుంది. ఆ మాట అమ్మను ఆ నెలల్లో ఎవరూ అడగలేదు.