జిగురులో ఉమ్మేసినవాళ్లు

మా అమ్మమ్మ ఎనెయిడా మైకు కోసం ముప్పై తొమ్మిదేళ్లు ఎదురుచూసింది. క్యూబా నుంచి వచ్చిన కొన్నేళ్లకు ఇక్కడే, రాకెట్లు ఎగిరే టైటస్‌విల్లో, అంతరిక్ష నౌక వేడికి కాలిపోకుండా దాని ఒంటికి పలకలు అతికించే పనిలో చేరింది. ఆ కథ మా ఇంట్లో కుక్కకి కూడా కంఠతా వచ్చు. అందుకే వలస వచ్చిన పాత పనివాళ్ల మాటలు మ్యూజియం వాళ్లు రికార్డు చేస్తున్నారని తెలియగానే పేరు ఇచ్చేసింది. జుట్టుకి రంగు వేయించుకుంది. పెట్టుడు పళ్లు రెండుసార్లు తోమింది.

"నేను పోయాక కూడా నా పేరు అక్కడ ఉండాలిరా."

"పోయాక కూడా వాగుతూనే ఉంటావన్నమాట," అన్నాను. చెంచా విసిరింది.

మ్యూజియం నుంచి మారిబెల్ అనే అమ్మాయి వచ్చింది. ఒకరు మరిచిపోయింది ఇంకొకరు అందిస్తారని పాతవాళ్లను ఇద్దరిద్దరిగా కూర్చోబెడతారట. చివర్లో ఇద్దరూ సంతకం పెడితేనే ఆ మాటలు దాస్తారు. ఒక్కరు వద్దన్నా మొత్తం చెరిపేస్తారు. అమ్మమ్మ తనకు జోడీగా జొరాయిదాను పిలిచింది. ఇద్దరూ ఒకే బల్ల దగ్గర పనిచేశారు, కాకపోతే జొరాయిదాను ఏడాదికే తీసేశారు.

"అది నాకెప్పుడూ ఎదురు చెప్పదు," అని నా చెవిలో ఊదింది అమ్మమ్మ.

నలభై నిమిషాలు తనే మాట్లాడింది. జొరాయిదా జామ పేస్ట్రీ మెల్లగా నములుతూ కూర్చుంది.

"పనివాళ్లు జిగురులో ఉమ్మేవారట, నిజమేనా?" అని మారిబెల్ అడిగింది.

అమ్మమ్మ నవ్వింది. "జిగురు ఆరడానికి ఒక రోజు పట్టేదమ్మా. ఫోర్‌మన్ వెనకే నిలబడి గడియారం చూసేవాడు. కాస్త ఉమ్మి కలిపితే తొందరగా గట్టిపడేది. పట్టు తగ్గిపోతుందని మాకేం తెలుసు? పాపం, ఈ జొరాయిదా దొరికిపోయింది. ఎంత చెప్పినా వినేది కాదు."

జొరాయిదా ఒళ్లో పడిన పొడి దులుపుకుంది.

"అమ్మాయ్, మిషను నడుస్తోందా?"

"నడుస్తోందండీ."

"ఇంకాస్త ఇటు జరుపు. ఉమ్మడం నాకు నేర్పింది ఇదే. చేరిన మూడో రోజు. 'సిగ్గెందుకే, నోట్లో తడి లేదా?' అంది. పలకలు ఊడొస్తున్నాయని తేలాక ఫోర్‌మన్ ఒక్కొక్కరినే గదిలోకి పిలిచాడు. ముందు ఇది వెళ్లింది. ఐదు నిమిషాల్లో బయటికొచ్చి, నా మొహం చూడకుండా పోయి చేతులు కడుక్కుంది. నన్ను లోపలికి పిలవనే లేదు. సామాను సర్దుకోమన్నారు."

"ఒసే, ఆపవే! ఎప్పటి మాట అది!"

"నువ్వు నలభై నిమిషాలు వాగావు. నాకు నాలుగు చాలు. ఇరవై రెండేళ్లు మోటళ్లలో కక్కసులు కడిగానమ్మా. ఒంటికి వాసనొస్తోందని మా ఆయన వేరే పక్క వేసుకున్నాడు. క్రిస్మస్‌కి ఇది పంది మాంసం పంపేది. తినేదాన్ని. రుచిగానే ఉండేది."

"అంతా తెలిసే మా ఇంటికొచ్చేదానివా?"

"ఎవరో ఒకరు ఇలాంటి మిషను పట్టుకుని నీ దగ్గరికే వస్తారని తెలుసు. వచ్చిన రోజు నేను నీ పక్కన ఉండాలి కదా." మారిబెల్ వైపు తిరిగింది. "పేరు తప్పు రాయకమ్మా. ఎనెయిడా క్వింటైరోస్."

అమ్మమ్మ నా వైపు చూసింది. "నువ్వు చెప్పరా, అబద్ధమని."

"నేనప్పటికి పుట్టలేదే అమ్మమ్మా," అన్నాను.

"ఆ ముక్క తీసేయకూడదా?" అని అమ్మమ్మ మారిబెల్‌ని అడిగింది.

"ముక్కలు తీయమండీ. ఉంటే అంతా ఉంటుంది, లేకపోతే ఏదీ ఉండదు."

జొరాయిదా సంతకం పెట్టి పెన్ను బల్ల మీద అమ్మమ్మ వైపు దొర్లించింది.

"వద్దంటే నేను చెప్పింది కూడా పోతుందా?" అంది అమ్మమ్మ.

"పోతుందండీ."

అమ్మమ్మ కాగితం దగ్గరికి లాక్కుంది. తర్వాత కళ్లజోడు పెట్టుకుని సంతకం చేసింది. జొరాయిదా అక్షరాల కంటే పెద్దగా.