అత్త అడ్డాకుల షెడ్డు

మా మేనత్త పోయి రెండు వారాలైంది. దవాఖానా నుంచి ఫోన్ వచ్చేసరికి నేను ఆమెకు జావ తీసుకుని భద్రాచలం బస్సులో ఉన్నాను. ఇంకో అరగంట ఆగలేకపోయిందా అని ఆమె మీదే కోపం వచ్చింది, చూడండి నా బుద్ధి!

అడవి అంచున అత్తకు అడ్డాకుల షెడ్డు ఉండేది. ఆకులు ఎండబెట్టి, పుల్లలతో కుట్టి, మిషన్ మీద ఒత్తి విస్తరాకులు చేసేది. చుట్టుపక్కల ఏ పెళ్లి బంతి అయినా ఆమె ఆకులోనే. మా వైపు ఇప్పపువ్వు కాలంలో చెట్ల కింద ఎండుటాకులకు నిప్పు పెడతారు, రాలిన పువ్వు కనబడాలని. ఆ నిప్పు ఒక్కోసారి అడవికే అంటుకుంటుంది. అందుకే అత్త ఏటా ముందుగానే షెడ్డు చుట్టూ నేల తేలేదాకా ఊడ్చేది, డ్రమ్ముల్లో నీళ్లు నింపేది, సగం ఆకు కట్టలు మా ఇంట్లో దాచేది.

"అడవి అంటుకుంటే నీ చీపురు ఆపుతదా అత్తా?" అని ఎగతాళి చేసేవాణ్ని.

"ఆపదేమో అల్లుడా. నేను చూస్కుంట కూసుంటే అసలే ఆగదు. నువ్వు మాటలాపి ఆ చెత్త తీస్కపోయి వాగుల పొయ్యి."

పోయిన వేసవిలో ఆ చెత్త వాగుదాకా మోయలేదు నేను. ఎండ మండిపోతోంది, రేపు చూద్దాంలే అని షెడ్డు వెనక గోడకే కుప్ప పోశాను. మర్నాడు మధ్యాహ్నం మంట వచ్చింది. ఊడ్చిన నేల దగ్గర నిజంగానే ఆగింది. నిప్పురవ్వలు మాత్రం గాలికి ఎగిరి నా కుప్ప మీద పడ్డాయి, షెడ్డు అంటుకుంది. డ్రమ్ముల నీళ్లు ఏ మూలకూ చాలలేదు. మిషన్‌ను లాగుదామని అత్త పొగలోకి ఉరికింది. మేం ఆమెను మాత్రమే బయటికి లాగగలిగాం.

ఆ పొగకు పట్టుకున్న దగ్గు ఇక తగ్గలేదు. అయినా మా ఇంట్లో మిగిలిన కట్టలు తెప్పించుకుని, టార్పాలిన్ కింద చేత్తోనే కుట్టడం మొదలుపెట్టింది. "మిషన్ లేకుంటే ఏంది, వేళ్లున్నయ్ గదా!" అనేది. నాలుగు విస్తళ్లు కుట్టేసరికి ఆయాసం. వానలు పడితే అడ్డతీగ చిగురిస్తుందని ఎదురుచూసింది. చిగురించింది కూడా. కోయడానికి ఆమెకు ఓపిక లేదు, కుట్టడం నాకు రాదు.

కుప్ప పోసింది నేనేనని చెప్పాలని దవాఖానాలో రెండుసార్లు నోరు తెరిచాను. రెండోసారి తనే అంది:

"ఆనాడు ఎండ గట్లనే ఉండె గదా అల్లుడా."

తిట్టినా బాగుండేది.

నిన్న దినం భోజనాలు పెట్టాం. ఊరందరికీ విస్తళ్లు కుట్టిన మనిషికి, కుట్టేవాళ్లు లేక, కొట్టునుంచి కాగితం ప్లేట్లు కొనుక్కొచ్చాం. వడ్డించకముందే గాలి లేచింది. ఖాళీ ప్లేట్లు అడవివైపు ఎగిరిపోతుంటే వెనకాల పరుగెత్తాను. రెండే దొరికాయి.