చెవి మేస్త్రి పంటితో విన్న చప్పుడు

ఆ వీధిలో ఆయన్ని చెవి మేస్త్రి అనేవారు. ముప్ఫయ్యేళ్ళుగా మోటార్‌సైకిల్ ఇంజన్లు విప్పి బిగిస్తున్న మనిషి. బండి మలుపు తిరుగుతుండగానే దాని రోగం చెప్పేసేవాడు. వాల్వుల సందు కొలిచే సన్నని రేకులు పెట్టెలో ఉన్నా, వాటిని ముట్టుకుంటే నామోషీ. ఇంజన్ చప్పుడు వింటూ స్క్రూ తిప్పడమే. "నా చెవి ఉండగా రేకెందుకు?" అనేవాడు. పొగరు కాకపోతే ఏమిటి!

ఇంట్లో మాత్రం ఆయనకో దిగులుండేది. రెండేళ్ళుగా భార్య ప్రతి మాటా అరిచి చెబుతోంది. నామీద విసుగు పుట్టినట్టుంది అనుకుని, ఎదురు చెప్పకుండా మింగేసేవాడు.

ఆ మధ్య ఒక నర్సు బండికి ఇంజన్ మొత్తం విప్పి, కొత్త పిస్టన్ వేసి, బిగించి పంపాడు. మర్నాడు ఆమెకు సెలవు. పొద్దున్నే బండితో తిరిగొచ్చి, ఇంజన్ ఆపకుండానే గట్టిగా అరిచి చెప్పింది.

"బాబాయ్, లోపల ఏదో టిక్కుటిక్కుమంటోంది. మునుపు ఈ చప్పుడు లేదు."

మేస్త్రి వంగి విన్నాడు. ఏదో హోరు, అంతే. ఆ చెవి పెట్టాడు, ఈ చెవి పెట్టాడు. ఊహూఁ. "కొత్త పిస్టన్ కదమ్మా, నాలుగు రోజుల్లో అదే సర్దుకుంటుంది" అనబోయాడు. మాట నోటిదాకా వచ్చింది కూడా. అంతలో లోపలినుంచి భార్య కేక.

"ఏమయ్యా! ఆ టిక్కుటిక్కేమిటి, వంటింట్లోకి వినబడుతోంది!"

మేస్త్రి చటుక్కున తలెత్తాడు. వంటింట్లోకి వినబడేది, చెవి ఆనించిన తనకు వినబడలేదు! చప్పుడు పిస్టన్ కింది కనెక్టింగ్ రాడ్‌దైతే? దారిలో ఇంజన్ పట్టేసి ఈ పిల్ల పడిపోతే? చెవిపోయిన చెవి మేస్త్రి దగ్గరికి రేపు ఎవరొస్తారు?

ఇక సిగ్గు పక్కనబెట్టి, స్క్రూడ్రైవర్ కొన ఇంజన్‌కి ఆనించి, కర్ర పిడిని పళ్ళతో కరిచి పట్టుకున్నాడు. పని నేర్పిన గురువు ఇలాగే వినేవాడు. అప్పట్లో ఆయన్ని మేస్త్రి చాటుగా తెగ వెక్కిరించాడు కూడా. ఇప్పుడు దవడలోంచి చప్పుడు తిన్నగా తలలోకి వచ్చింది. కింద రాడ్ దగ్గర సాఫీగా ఉంది. పైన వాల్వు మూత దగ్గర టిక్, టిక్, టిక్.

"అమ్మయ్య! రాడ్ కాదమ్మా, బతికిపోయాం. వాల్వు సందు వదులైంది. తప్పు నాదే, చెవితో విని బిగించాను. ఆ చెవే పోయింది నాకు." అన్నాడు మేస్త్రి.

నర్సు ఆయన్ని ఎగాదిగా చూసింది. "పంటితో బాగా వినబడిందా?"

"సుబ్బరంగా."

"అయితే చెవి లోపలి నరం బాగానే ఉన్నట్టుంది. చప్పుడు లోపలికెళ్ళే దారే మూసుకుపోయుంటుంది. ఇటు తిరగండి."

ఫోన్ లైటు వేసి చూసి, పకపకా నవ్వింది. "గుబిలి బాబాయ్! రెండువైపులా రాయిలా పట్టేసింది. చుక్కలు వేసి నాలుగు రోజులు నాననిస్తే డాక్టరుగారు కడిగేస్తారు."

మేస్త్రికి ప్రాణం లేచొచ్చింది. ఇంజన్ చల్లారాక మూత విప్పి, ఏళ్ళ తర్వాత రేకులు బయటికి తీశాడు. సందు ఉండాల్సినదానికి రెట్టింపు ఉంది. కొలిచి బిగించి బండి స్టార్ట్ చేస్తే, "ఇప్పుడు లేదు బాబాయ్" అంది నర్సు. అయినా పళ్ళతో మరోసారి విన్నాకే పంపాడు.

అయిదో రోజున ఆస్పత్రినుంచి ఇంటికొచ్చేసరికి భార్య అలవాటుకొద్దీ కేకేసింది. "అన్నం పెట్టనా?"

మేస్త్రి రెండు చెవులూ మూసుకున్నాడు. "అరవకే తల్లీ! ఇన్నాళ్ళూ నామీద కోపమనుకున్నాను."

"కోపమా?" ఆమె దగ్గరికొచ్చింది. "నీకు వినబడట్లేదని తెలుస్తూనే ఉంది. పైకి చెబితే పరువు పోయినట్టు కుమిలిపోతావని, నా గొంతే పెంచుకున్నాను."

ఎంత మెత్తటి గొంతు! అది విని రెండేళ్ళయింది. మేస్త్రి కళ్ళు తుడుచుకుని పీటమీద కూర్చున్నాడు.

ఆమె వంటింట్లోకి వెళుతూ తనలో తాను గొణుక్కుంది. "ఇక ఈ మనిషిని చాటుగా తిట్టుకునే సుఖం కూడా పోయింది."

"అదీ వినబడింది" అన్నాడు మేస్త్రి.