పత్తి చేల మీదుగా ఒక ఒప్పుకోలు

దర్శి బస్సులో నా పక్కన, మా చర్చి చూడ్డానికి అమెరికా నుంచి వచ్చిన తెల్లాయన కూర్చున్నాడు. కిటికీలోంచి పత్తి చేలు చూస్తూ అన్నాడు: "మా ముత్తాత నల్లవాళ్ళను బానిసలుగా ఉంచుకుని పత్తి తీయించాడు. ఆ తప్పు నేను చేయలేదు. కానీ ఆ పత్తితో కట్టిన ఇంట్లోనే ఉంటున్నాను. జవాబు నేనూ చెప్పుకోవాలి."

ఎన్నడూ చూడని ఆ నల్లవాళ్ళ వారసుల మీద నాకు కుళ్ళు పుట్టింది. ఎదుటివాడు ఒప్పుకున్నాడు, ఇంకేం కావాలి వాళ్ళకి! మా నాయనమ్మా ఇలాంటి చేలల్లోనే పత్తి తీసింది. దాహమంటే ఆసామి ఇంటివాళ్ళు తగలకుండా పైనుంచి దోసిట్లో నీళ్ళు పోసేవాళ్ళు. ఆ ఇంటి మనవడు ఇప్పుడు మా బడిలోనే నాతోపాటు టీచరు. కదిపితే, "తాతల నాటి సంగతులు మాస్టారూ, నేనేం చేశాను?" అంటాడు.

"ఈ మాట ఆ నల్లవాళ్ళ వారసులతో అన్నారా?" అని తెల్లాయన్ని అడిగాను.

ఆయన తల దించుకున్నాడు. "లేదు. వాళ్ళు మా పక్క వీధిలోనే ఉంటారు."