విని కూడా లేదన్నాను

ఏళ్ల తరబడి ఒక మనిషి గొంతు నా లోపల ఉండిపోయింది. అతను నాకు చుట్టం కాదు, స్నేహితుడు కాదు. కోర్టు వరండాలో తప్ప అతన్ని ఎక్కడా చూడలేదు. అయినా కూర తాలింపు పెడుతుంటే ఆ గొంతు వినిపిస్తుంది. చిలకలూరిపేట దగ్గర పత్తి లారీల వెనక కారు ఆగిపోతే వినిపిస్తుంది. ఇంక మోయలేను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు చెప్పను. ఇక్కడి పేర్లు కూడా అసలు పేర్లు కావు. జరిగింది మాత్రం జరిగినట్టే చెబుతాను.

నేను గుంటూరులో లాయర్ని. జిల్లా కోర్టులో ఒక సీనియర్ దగ్గర చేరిన కొత్తలో వాయిదాలు అడగడం, కాగితాలు టైపు చేయించుకురావడం తప్ప నాకు ఇంకో పని ఇచ్చేవారు కాదు. వాదిస్తానంటే, నీ గొంతు జడ్జిగారి దాకా వినబడదమ్మా అని నవ్వేవారు. విసిగిపోయి హైదరాబాదు వెళ్లాను. అక్కడ ఒక ఆఫీసులో పెద్ద కంపెనీల దావాల కోసం వాళ్ల ఈమెయిళ్లు, ఫోన్ మెసేజీలు, కంప్యూటర్ ఫైళ్లు జల్లెడ పట్టి, కేసుకు కావలసినవి ఏరే పని నేర్చుకున్నాను. ఈ-డిస్కవరీ అంటారు. ఆ పనిలో గొంతు అక్కర్లేదు. ఓపిక ఉంటే చాలు.

తిరిగొచ్చి బ్రాడీపేటలో సొంత ఆఫీసు పెట్టాను. అప్పటికి ఇక్కడి లాయర్లకు ఆ మాటే కొత్త. ఫోన్లు బాగుచేసే అమ్మాయి అని వెనకాల అనుకునేవారు. నాకు మండిపోయేది. ఒక్క మంచి కేసు చేతికొస్తే వీళ్లందరి నోళ్లూ మూతపడతాయి అనుకునేదాన్ని.

వచ్చింది.

ఊరి బయట ఒక కోల్డ్ స్టోరేజీ తగలబడింది. గదుల నిండా మిరపకాయల బస్తాలు. ఆ ఘాటు పొగలోకి ఎవరూ వెళ్లలేకపోయారట. లోపల బస్తాలు దించుతున్న శ్రీను అనే హమాలీ చనిపోయాడు. అక్కడి ఎలక్ట్రీషియన్ కోటేశ్వరరావు శ్రీనుకు సొంత బావ. శ్రీను అక్క నాగమణి అతని భార్య. వైరింగు సరిగ్గా చూడకపోవడం వల్లే ప్రాణం పోయిందని కోటేశ్వరరావు మీద కేసు పెట్టారు.

అతను మొదటి నుంచీ ఒకటే చెప్పాడు. కేబుల్ వేడెక్కుతోందని ముందే మేనేజరుకు వాయిస్ మెసేజ్ పెట్టానని, మేనేజరే ఆపొద్దన్నాడని. అతని ఫోన్ ఆ మంటల్లోనే పోయింది. ఆ మెసేజ్ అంటూ ఉంటే మేనేజరు ఫోనులోనే ఉండాలి. అందులో కేసుకు సంబంధించిన మెసేజీలన్నీ ఇవ్వమని కోర్టు ఆదేశించింది. వాటిని బయటికి తీసి, ఉన్నవన్నీ ఇచ్చామని సర్టిఫికెట్ మీద సంతకం పెట్టే పనికి యాజమాన్యం నన్ను పెట్టుకుంది.

వెతకడం కష్టం కాలేదు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నాను. వెనక మోటార్ల హోరు. దాని మీదుగా కోటేశ్వరరావు, కంగారు అణచుకుంటూ: సార్, రెండో గది కేబుల్ మీద చెయ్యి పెడితే కాలిపోతోందండి, లైను ఆపేస్తాను, మీరు ఊ అనండి చాలు. దాని కింద మేనేజరు జవాబు, అదీ గొంతే: సరుకు దిగే టైములో ఆపడమేంట్రా, ఏం కాదులే, నడిపించు.

మళ్లీ విన్నాను. ఏ అనుమానానికీ చోటు లేదు.

ఇప్పుడు మీరు అడుగుతారు, దాచమని ఎవరు చెప్పారని. ఎవరూ చెప్పలేదు. నన్ను తినేస్తున్నది అదే. యాజమాన్యం లాయరుగారు, ఏమైనా ఇబ్బంది పెట్టేవి ఉన్నాయా అమ్మా అని మామూలుగా అడిగారు. ఏమీ లేవండి అన్నాను. ఆయన నా వైపు చూసి, మీరు పనిమంతులండీ అన్నారు. ఆ ఒక్క మాట కోసమేనా? ఇన్నేళ్లుగా ఇదే ప్రశ్న. భయం వల్ల అనుకుందామంటే నన్నెవరూ భయపెట్టలేదు. డబ్బు కోసం అనుకుందామంటే నిజం చెప్పినా నా ఫీజు నాకు వచ్చేది. ఆయన గదిలో మొదటిసారి నన్నొక సాటి లాయరుగా కూర్చోబెట్టి మాట్లాడారు, ఆ కుర్చీలోంచి లేవాలనిపించలేదు. ఇంతకంటే గౌరవమైన కారణం వెతికాను. దొరకలేదు.

ఎలా దాచానో కూడా చెప్పాలి. మేం వాడే సాఫ్ట్‌వేర్‌కు కొన్ని మాటలు ఇస్తే, అవి ఉన్న మెసేజీలను ఏరి పెడుతుంది. రాసిన మెసేజీలనే అది చదవగలదు, గొంతును వినలేదు. నేను మాటలు ఇచ్చి, వచ్చినవి ముద్రించి, వాయిస్ మెసేజీలన్నింటినీ మాట స్పష్టంగా లేనివిగా గుర్తుపెట్టి పక్కన పడేశాను. కోటేశ్వరరావు తరఫు లాయరు కుర్రాడు కొత్తవాడు. వాయిస్ మెసేజీల సంగతేంటని అడగాలని అతనికి తట్టలేదు. అడుగుతాడేమోనని వాయిదా వాయిదాకూ భయపడుతూనే ఉండేదాన్ని. అడగకపోతే కోపం వచ్చేది. అవును, అతని మీద కోపం. నా తప్పు పట్టుకోలేని అతని చేతకానితనం మీద!

ఒక మధ్యాహ్నం నాగమణి నా ఆఫీసుకు వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఆ ఫోనంతా మీరే చూశారంట కదండీ" అంది.

చూశానన్నాను. కేసు సంగతులు బయట మాట్లాడకూడదమ్మా అని కూడా అన్నాను.

"కేసు నాకక్కర్లేదు మేడంగారూ. శిక్ష పడనీ, మాననీ. ముందే చెప్పానని మా ఆయన అంటన్నాడు. నా తమ్ముడు పోయాడు. ఆ మనిషికి అన్నం పెట్టాలా వద్దా, నాకు తెలియాలి. మీరూ ఆడమనిషే. చెప్పాడా లేదా, అదొక్కటి చెప్పండి."

"ఫోన్లో అలాంటిదేం లేదమ్మా."

"అన్నీ విన్నారా?"

"విన్నాను."

"పోనీలెండి. మీరైనా నిజం చెప్పారు" అని వెళ్లిపోయింది.

క్లయింటు గుట్టు కాపాడటం లాయరు ధర్మం అని నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నానో. నిజమే. కానీ ఆ ధర్మం నోరు మూసుకోమంటుంది, లేదని చెప్పమనదు. చెప్పలేనమ్మా అని ఊరుకుంటే సరిపోయేది. ఆ జవాబులోంచి ఆమె ఏదో ఒకటి అర్థం చేసుకునేది. ఆ కాస్త దారి కూడా మూసేశాను. కోర్టును మోసం చేసిన మాట వేరు. ఈమె కోర్టు కాదు. తన ఇంట్లో ఉన్న మనిషి ఎలాంటివాడో తెలుసుకోవడానికి వచ్చింది.

ఆ నెలలోనే ఆమె కోటేశ్వరరావును వదిలేసి వేటపాలెంలోని పుట్టింటికి వెళ్లిపోయింది. కింది కోర్టు అతనికి శిక్ష వేసింది. పై కోర్టు సాక్ష్యం చాలదని కొట్టేసింది. సాక్ష్యం చాలదు అంటే నువ్వు నిజం చెప్పావని కాదు కదా. పిడుగురాళ్లలో సున్నపు బట్టీల దగ్గర మోటార్లు బాగుచేస్తున్నాడని ఎవరో చెబితే విన్నాను. వెళ్లలేదు.

నేను మాత్రం ఎదిగాను. నన్ను చూసి నవ్విన లాయర్లే ఫోన్లు పట్టుకుని నా దగ్గరికి రావడం మొదలుపెట్టారు. ఎలక్ట్రానిక్ సాక్ష్యాన్ని ఎలా భద్రం చేయాలో చెప్పమని పిలిస్తే కొత్త లాయర్లకు పాఠాలు చెప్పాను. ఒక్క ఫైలు వదిలినా న్యాయం తప్పిపోతుందని మైకులో అన్నాను. చప్పట్లు కొట్టారు. ఒకసారి ఆ యాజమాన్యం లాయరుగారి దగ్గరే నోరు తెరవబోయాను. ఆ పాత కేసులో ఒక సంగతి అనేసరికే, అయిపోయినవి ఎందుకు తవ్వుతావమ్మా అని కాఫీ తెప్పించారు. ఎవరికీ వినే తీరిక లేదు. ఎవరికీ అక్కర్లేదు. గట్టిగా అరవాలనిపించింది. కాఫీ తాగి వచ్చేశాను.

కిందటేడు కోర్టు క్యాంటీన్‌లో ఆనాటి కుర్రలాయరు కనిపించి, కోటేశ్వరరావు పోయాడని చెప్పాడు. ఊపిరితిత్తుల జబ్బట. పెళ్లాం చూడటానికి కూడా రాలేదండీ అన్నాడు.

అప్పుడు వెళ్లాను వేటపాలెం. ఇంత ఆలస్యంగా, అతను వినలేని చోటికి వెళ్లిపోయాక.

నాగమణి జీడిపప్పు ఫ్యాక్టరీలో పనిచేస్తోంది. భోజనాల వేళ బయటికి పిలిపించారు. జీడి రసానికి వేళ్లు నల్లబడిపోయి ఉన్నాయి. నన్ను వెంటనే గుర్తుపట్టింది. దాచకుండా అంతా చెప్పాను. కేబుల్ గురించి అతను చెప్పిన మాటలు, మేనేజరు జవాబు, నేను ఆడిన అబద్ధం. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను.

"ఏదీ, ఆ మాట వినిపించండి" అంది.

నా దగ్గర లేదు. కేసు ముగిశాక క్లయింటు సమాచారం తుడిచేయడం మా పద్ధతి. నేనే తుడిచేశాను. మేనేజరు ఫోన్ ఏమైందో ఆ మేనేజరుకే తెలియదు. ఆ సంగతే చెప్పాను, తల దించుకుని.

"అప్పుడు లేదన్నారు. ఇప్పుడు ఉండేదంటన్నారు. రెండూ మీ నోటి మాటలే కదండీ. నన్ను ఏది నమ్మమంటారు?"

జవాబు కోసం ఆమె ఆగలేదు. చేతులు కొంగుకు తుడుచుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఆమె నమ్మిందో లేదో నాకు తెలియదు. నమ్మితే ఆ నమ్మకంతో ఇప్పుడేం చేస్తుందో తలుచుకోవడానికే భయం. నమ్మకపోతే, కోటేశ్వరరావు ఆ ఇంట్లో ఇంకా అబద్ధాలకోరే. రెండింటిలో ఏది జరిగినా నా వల్లే. క్షమించమని నేను ఆమెను అడగలేదు. మిమ్మల్నీ అడగను.

అతను ముందే చెప్పాడు. నేను విన్నాను. విని కూడా లేదన్నాను. ఈ మూడు మాటలూ ఒకచోట రాయడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది. అంతే.